దూది కొట్టు రేకు తలుపు

జీవమ్మ చేతులు మగవాళ్ల చేతుల మాదిరి ఉండేవి. బేతంచెర్ల బండల గనిలో మొగుడు లాజరుతో సమానంగా రాళ్లు మోసిన చేతులవి. ఒకనాడు బండ జారి లాజరు మీద పడింది. అయిదేళ్ల కూతురు కృపమణిని చంకనేసుకుని జీవమ్మ నంద్యాలకు వచ్చి, పత్తి మిల్లులో కూలికి కుదిరింది. బిడ్డ ఆ మిల్లులోనే పెరిగింది. పన్నెండేళ్లు నిండగానే తల్లి పక్కన నిలబడి యంత్రానికి పత్తి అందించడం మొదలుపెట్టింది.

మిల్లులో రెండు పెద్ద గదులు. ముందు గదిలో గింజ తీసే యంత్రాలు, దాని వెనుక పత్తి నింపే కొట్టు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాని రోజుల్లో మద్రాసు నుంచి బీమా దొర ఒకడు వచ్చి, రెండు గదుల నడుమ మంటను ఆపే తలుపు లేకపోతే బీమా ఇవ్వనని చెప్పి పోయాడు. షావుకారు లావుపాటి చెక్కలకు రెండు వైపులా రేకు కొట్టించి, ఇనుప పట్టా మీద దొర్లే తలుపు పెట్టించాడు. దాన్ని లాగాలంటే ఇద్దరు ఆడవాళ్లు కావాలి, లేకపోతే జీవమ్మ ఒక్కతె చాలు. అట్లా తలుపు పని ఆమె మీద పడింది.

నెలకొకసారి మేస్త్రీ సుంకప్ప గంట కొట్టి అందరికీ నేర్పించేవాడు.

"గంట ఇనపడితే యాడ పత్తి ఆడ్నే పారేసి బయటికి నడవండి. కడాన జీవమ్మ తలుపు లాగుతాది. తెలిసిందా?"

"తెలిసెలేప్పా. మంట వస్తే ఇంత మజ్జిగ పోసి ఆర్పుతాం, నువ్వు పక్కకు జరుగు" అనేది మల్లక్క. ఆమె నోటికి మిల్లులో అడ్డు లేదు. జీవమ్మకు పని ఇప్పించింది కూడా ఆమే.

మల్లక్క ఎగతాళిలో ఒక నిజం ఉంది. మొదట్లో ఎర్రటెండలో ఊరికే వచ్చి నిలబడమంటే ఎవరూ కదలలేదు. అందుకని షావుకారు భార్య వాకిట్లో మజ్జిగ పోయించడం మొదలుపెట్టింది. ఒకరి ముంత ఒకరు ముట్టే కాలమా అది? ఎవరి ముంత వాళ్లు తెచ్చుకోవాలి, ముంత లేకపోతే దోసిలి పట్టి వంగాలి. తాగే నీళ్లు చల్లగా ఉంటాయని ముంతలన్నీ కొట్టు గోడ గూళ్లల్లో పెట్టుకునేవాళ్లు. దాంతో గంట మోగితే చాలు, ఆడవాళ్లు ముందు కొట్టులోకి ఉరికి, ముంత పట్టుకుని, ఆ తరువాత వాకిట్లోకి పోయేవాళ్లు. సుంకప్ప చూస్తూనే ఉన్నాడు. ఒక్కనాడూ వద్దనలేదు. జీవమ్మ తలుపు వదిలి కదలకూడదు కాబట్టి, ఆమె ముంత కూడా కృపమణే తెచ్చేది.

ఎండలు ముదిరాయి. ఒకనాడు పొద్దు నడినెత్తికి రాకముందే గంట మోగింది.

"మజ్జిగోయ్!" అని ఎవరో నవ్వారు. ఎప్పటి మాదిరే పది పన్నెండు మంది కొట్టులోకి ఉరికారు. అది నిజం గంట. కొట్టు వెనుక మూల పత్తి అంటుకుంది. ఎవరి బీడీతోనో, ఎట్లనో, ఎవరికీ తెలియదు. ముందుగా వెళ్లినవాళ్లు ముంతలతో బయటికి వస్తూ ఉంటేనే పొగ వాళ్ల వెనకాలే వచ్చింది. అప్పుడు పుట్టాయి కేకలు. యాభై మంది ఒకే ఒక వాకిలి దగ్గర ఇరుక్కున్నారు.

కృపమణి ఒక్కతే ఇంకా కొట్టులోనే ఉంది.

"మణీ! పారేసి రావే!"

"వస్తాండామ్మా! నీ ముంత లోపలికి పడిపోయినాది!"

పత్తికి అంటుకున్న మంట నడవదు, పారుతుంది. జీవమ్మ చూస్తుండగానే అది నేలంతా పారి గూళ్ల దగ్గరికి వచ్చింది. గడప మీదుగా ఒక నాలుక చాచి ఈ గదిలో గోడకు పట్టిన పత్తి నూగును అందుకుంది. మల్లక్క తన కొంగుతో దాన్ని కొట్టి ఆర్పి, వెనక్కి తిరిగి అరిచింది.

"ముయ్యే జీవమ్మా! అందురం సస్తాం, ముయ్యే!"

జీవమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి జవాబు రాలేదు. ఆమె రెండు చేతులూ తలుపుకు ఆనించి తోసింది.

లోపలి నుంచి రేకు మీద దెబ్బ పడిందో లేదో ఆమెకు తెలియదు. యంత్రాలను ఎవరూ ఆపలేదు. వాటి రొదలో ఏమీ వినిపించలేదు. వాకిలి ఖాళీ కాగానే జీవమ్మ మిల్లు చుట్టూ పరుగెత్తి, కొట్టు వెనుక కిటికీ ఊచలను ఆ చేతులతోనే పట్టుకుని లాగింది. ఊచలు రాలేదు, అరచేతుల తోలు వచ్చింది. మగవాళ్లు గునపాలతో గోడ పగలగొట్టేసరికి పొద్దు వాలింది.

యాభై మంది బతికారని షావుకారు ఆమెను పిలిపించి మెచ్చుకున్నాడు. చర్చి గుడిలో అయ్యగారు లేఖనాలు చదివి ఓదార్చాడు. జీవమ్మ ఒక్కటే అడిగింది: "నేను ఇంగొంచేపు ఆగింటే నా బిడ్డ వచ్చుండునేమో కదయ్యా?" ఆయన పుస్తకం మూసి, ప్రార్థన చేద్దామన్నాడు.

చేతులు మానాక మళ్లీ మిల్లుకే పోయింది. పోకపోతే పొయ్యి రాజదు. కొట్టు కొత్తగా కట్టారు. గోడల్లో గూళ్లు కూడా కట్టారు.

నెల తిరిగింది. సుంకప్ప నేర్పే గంట కొట్టాడు. ఆడవాళ్లు పత్తి పారేసి లేచారు. వాళ్ల కాళ్లు కొట్టు వైపే నడిచాయి.

జీవమ్మ చూసింది. వాళ్లు రాకముందే తలుపు లాగేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఏమ్మే, లోపలికి ఎవురూ పోకముందే మూస్తివే! ముంతలు ఇయ్యి" అన్నారు ఒకరిద్దరు.

"ఇయ్యను. ఇట్లనే పోండి."

"దోసిలి పట్టి తాగల్లనా? అది మా అవ్వల కాలంతోనే పాయె."

"తాగొద్దండి."

"ముంతలు ఇయ్యనీకి కూడా ఏడుస్తాండావా! బిడ్డను తిన్న తలుపును కావలి కాస్తాండావు నువ్వు" అని వెనుక నుంచి ఎవరో అన్నారు.

జీవమ్మ ఏడవలేదు, జరగలేదు. తోలు ఊడి మానిన చేతులు రెండూ వెనుక రేకుకు అదిమిపెట్టి, "పోండి మా, నడవండి, నడవండి" అని అందరినీ చూసి అంటూనే ఉంది. ఆ గొంతు విన్న సుంకప్ప గంట కొట్టే కర్రను కింద పెట్టేశాడు.

మల్లక్క ముందుకు వచ్చింది. జీవమ్మ మొహంలోకి చూసి, వట్టి చేతులతో వాకిట్లోకి నడిచి, మజ్జిగ కుండ వైపు చూడకుండా వేపచెట్టు కింద కూర్చుంది. ఆమె వెనుక ఒక్కొక్కరే బయటికి పోయారు.