నేను కాదన్న పాటలు

రెండేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. ఆదివారం ఆరాధన ముగిశాక, నేను పాడే చర్చి క్వయర్‌ను నడిపే అక్కతో కలిసి నాంపల్లి నుంచి అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి వెళ్లాను. అక్కడ ఓ కుప్పలో నాకిష్టమైన గ్రంజ్ అనే అరుపుల రాక్ సంగీతం పాడే బ్యాండ్ సీడీలు రెండు కనిపించాయి. మా ఆయన చనిపోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ పాటలే. మొదటి ఆల్బమ్‌లో గిటార్లు రంపాల్లా గరగరలాడతాయి. రెండోదాంట్లో పాడుతూ పాడుతూ గాయకుడి గొంతు పగిలిపోతుంది. నేను ఏడవలేని ఏడుపు అతను ఏడ్చినట్టుండేది.

నేను చెయ్యి చాచేలోపే అక్క ఆ అట్ట చూసి మొహం చిట్లించింది.

"ఛీ! గివి పాటలా? దయ్యం పట్టినోళ్ల లెక్క ఒర్రుతరు. ఎవరు వింటరో ఏమో!"

"ఔ అక్కా, పిచ్చోళ్లు వింటరు" అని నవ్వాను.

ఆ నవ్వు నా చెవులకే రోతగా వినిపించింది. బస్టాపు చేరకముందే "జర ఆగక్కా" అని వెనక్కి వెళ్లి రెండూ కొనుక్కొచ్చాను.

"ఎవరికే?" అంది అక్క.

"నాకే. రోజూ వింట."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఇప్పటికీ క్వయర్‌లో నాతో ముభావంగానే ఉంటుంది.

ఆమె అసహ్యాన్ని భరించగలను. నా మీద నాకు కలిగిన అసహ్యాన్ని మాత్రం బస్టాపు దాకా కూడా మోయలేకపోయాను.