టమాటా బాక్సుల మీది పేరు

ఇంతవరకూ నా మాట వినిపించుకున్నవాళ్లు లేరు. ఆప్ స్టోర్ వాళ్లకు ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. జవాబు రాలేదని అనను. "మీ సహనానికి ధన్యవాదాలు" అని వచ్చింది. నాకు సహనం ఉందని వాళ్లకు ఎవరు చెప్పారో! మళ్లీ రాస్తే మళ్లీ అదే వచ్చింది, ఒక్క అక్షరం మారకుండా. చదివినవాడెవడైనా ఉంటే కనీసం విసుక్కునేవాడు. ఆ విసుగుకు కూడా నేను నోచుకోలేదు.

మదనపల్లెలో టమాటా బాక్సులు అద్దెకిచ్చే పని నాది. కాయ కోసే వేళకు రైతు తోటకు ఖాళీ బాక్సులు చేరాలి. అవి నిండి మార్కెట్‌కు వస్తాయి. వేలం అయ్యాక లారీలెక్కి రాష్ట్రాలు దాటిపోతాయి. అక్కడ కాయ దింపుకున్నాక ఖాళీవి వెనక్కి పంపుతారు. ఎవరివో తెలియాలి కాబట్టి పక్కన పెయింటుతో పేరు రాయిస్తాం. నా బాక్సుల మీద ఉండేది ఒక చిన్న మాట. తంబళ్లపల్లె నుంచి సదుం దాకా రైతులు నన్ను ఆ మాటతోనే పిలిచేవారు. నా అసలు పేరు వాళ్లలో చాలామందికి తెలియదు. ఆ మాటను ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది.

తెల్లవారితే చాలు, ఫోన్లు. "ఈ పొద్దు కాయ యాడికి తోలమంటావప్పా? ఈడికా, పుంగనూరుకా, కుప్పానికా?" బాక్సులిచ్చేవాడికి రేట్లతో పనేముంది? అయినా కనుక్కుని చెప్పేవాణ్ణి. చెప్పింది తప్పితే, తప్పిందని మళ్లీ నేనే ఫోన్ చేసేవాణ్ణి. మార్కెట్‌లో అలా చేసేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. నేను సంపాదించుకున్నది ఏదైనా ఉంటే ఆ నమ్మకమే.

మా తమ్ముడి కూతురు కుప్పంలో ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసేది. ఒకరోజు తనే అంది: "పెదనాన్నా, దీనికొక ఆప్ చేస్తాను. పొద్దున్నే నువ్వు మూడూర్ల రేట్లు ఎక్కిస్తివంటే అందరూ సూసుకుంటారు. నీ చెవికి కొంచెం రెస్టు." ఆప్ తయారయ్యేలోగా స్టోర్‌లో పేరు రిజర్వ్ చేసుకోవాలని కూడా తనే చెప్పింది. నేను చూస్తుండగానే నా బాక్సుల మీది మాట టైప్ చేసింది. ఆ పేరు ఖాళీగా ఉందని వచ్చింది. బటన్ నొక్కితే మా పేరు మీదికి వచ్చేసింది. బియ్యం బస్తాల మీద, బస్సుల మీద, గోడల మీద పేర్లు చూశాను గానీ, అంత పెద్ద లోకంలో ఒక మాట నాదని ఒప్పుకున్నవాళ్లను అప్పుడే చూశాను.

మరునాడే బాక్సులకు రాసే పెయింటర్ దగ్గరికి వెళ్లాను. పేరు కింద ఫోన్ బొమ్మ వేయమన్నాను.

"ఆప్ వచ్చేసిందా అన్నా?"

"వస్తాంది. పేరు పట్టేసినాం."

"ఇంకేం మరి. పేరుండే బాక్సు యాడికి పోయినా తిరిగొస్తాది" అని నవ్వి, ఎర్ర రంగు కలిపాడు. ఫోన్ బొమ్మ అగ్గిపెట్టెలా కుదిరింది. అయినా రైతులకు అర్థమైంది. "అప్పా, ఆప్ ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆలస్యం నా వల్ల కాలేదు, పుంగనూరు వల్ల అయింది. మదనపల్లె రేట్లు నా కళ్లముందే పలుకుతాయి. కుప్పంవి అమ్మాయి కనుక్కునేది. పుంగనూరువి అడగడానికి అక్కడి మార్కెట్ ఆఫీసుకు అర్జీ పట్టుకుని వెళితే, కుర్చీలో ఉన్న ఆయన నన్ను కూర్చోమనలేదు. నా అర్జీ మీదే టీ గ్లాసు పెట్టాడు. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

"ఆప్ అంటాండావే, యాడుంది? సూపించు."

"మీరు రేట్లిస్తే వస్తాది సార్."

"అది వచ్చినాక రాపో."

మూడూర్లని మాటిచ్చి రెండూర్లతో వదలడం నాకు చేతకాదు. అమ్మాయి మాత్రం పోరుతూనే ఉంది. "పెదనాన్నా, ఏదో ఒకటి ఎక్కించేద్దాం. ఊరికే పెట్టుకుంటే పేరు మనకు శాశ్వతంగా ఉండదు, గడువుంటాది."

"బాక్సుల మీద ఉండాది కదమ్మా పేరు. యాడికి పోతాది?" అన్నాను.

ఎన్నో ఏళ్లుగా నా బాక్సులను నేను ఎప్పుడూ చూడని ఊళ్లవాళ్లు వెనక్కి పంపుతూనే ఉన్నారు. పేరు రాసి ఉన్నదాన్ని ఉంచుకోకూడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. స్టోర్ వాళ్లకూ ఆ మాత్రం తెలిసే ఉంటుందనుకున్నాను.

చివరికి పుంగనూరు లేకుండానే ఎక్కిద్దామని కూర్చున్న రోజు, ఆ పేరు ఇంకొకరిదని వచ్చింది. గడువు దాటిందని ఇంగ్లీషులో ఎప్పుడో మెయిల్ వచ్చి, ప్రకటనల మెయిళ్ల మధ్య పడి ఉంది. అమ్మాయి దాన్ని తెరిచి, తారీఖు మీద వేలు పెట్టి చూపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

పోతే పోయిందని ఊరుకునేవాణ్ణేమో. కానీ ఆ పేరుతో వచ్చినది కూడా కూరగాయల రేట్ల ఆప్. ఎవరు నడుపుతారో తెలియదు. అందులో ఎప్పటివో రేట్లు. నా బాక్సు మీది బొమ్మ చూసి, పేరు వెతికి, మా రైతులు దాన్నే ఫోన్లలో పెట్టుకున్నారు. వద్దని కొందరికి చెప్పగలిగాను. అందరికీ ఎలా చెప్పను? ఆ మాట ఇక్కడ రాస్తే మీరూ వెతికి దాన్నే పెట్టుకుంటారు.

సదుం రైతు ఒకాయన దాన్ని నమ్మి కాయంతా కుప్పానికి తోలాడు. అక్కడ ఆ రోజు అడిగే నాథుడు లేడు. సగం కాయ రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ బాక్సులు తెచ్చి నా ముందు దింపాడు.

"నీ పేరు సూసే పోతినప్పా" అన్నాడు.

"అది నాది కాదప్పా."

"బాక్సు మీద ఉండేది నీది కాదా?"

"బాక్సు నాదే. ఫోన్లో ఉండేది నాది కాదు."

"ఒకే పేరు ఈడ నీది, ఆడ నీది కాదు! సెప్పేకి నీకైనా సిగ్గుండల్ల" అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు, అలసిపోయి అన్నాడు. ఆ తర్వాత ఆయన బాక్సులు వేరేచోట తీసుకుంటున్నాడు. చుట్టుపక్కలవాళ్లూ అంతే. ఇప్పుడు పొద్దున ఫోన్ మోగదు. చెవికి రెస్టు దొరికింది.

పేరు పక్కన ఇంకో మాట చేర్చుకుని కొత్త ఆప్ పెట్టుకోమని స్టోర్ వాళ్లు సలహా పంపారు. ఎవరి కోసం పెట్టాలి? పెయింటర్ బాక్సుల మీది పేరు కొట్టేస్తానన్నాడు. వద్దన్నాను. కొట్టేస్తే అవి తిరిగి రావు. నిన్న కూడా లారీలో కొన్ని వచ్చాయి. ఎండకు పేరు వెలిసిపోయినా, ఎవరో చదివి నాకే పంపారు.

అయ్యా, స్టోర్‌లో కూర్చున్నవారెవరో! మీరు మనుషులైతే ఇది చదవండి. ఆ పేరు తిరిగిమ్మని ఇక అడగను, ఆ ఆశ పోయింది. ఆ ఆప్ నాది కాదని, ఆ రేటు నేను చెప్పింది కాదని రెండు ముక్కలు తెలుగులో రాసివ్వండి. సదుం పోయి ఆయనకు చూపించుకుంటాను. ధన్యవాదాలు వద్దు. అది నాదా, కాదా? జవాబు చెప్పండి.