సోంబాయి నేలకు పోసిన మొదటి చుక్క

మా బాపు తాగినందుకు రాలేదా, రాలేక తాగాడా? పాతికేళ్లుగా ఈ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. నన్ను హైదరాబాదు హాస్టల్లో దింపాల్సిన పొద్దున ఆయన మగ్గం పక్కన కల్లు మత్తులో పడి ఉన్నాడు. బస్సు నేనొక్కదాన్నే ఎక్కాను. తర్వాత వృక్షశాస్త్రం చదివాను, పులియడం మీద పరిశోధన చేశాను. ఆ పని మీదే ఫ్రాన్సులో ద్రాక్షతోటలు, జపానులో బియ్యంతో సాకే అనే మద్యం చేసే ఇళ్లు చూసి వచ్చాను. వాళ్ల రుచుల గురించి నోటుపుస్తకాలు నింపాను. బాపు పోయినప్పుడు మాత్రం ఆయన పేరున నేలకు కల్లు పోయనన్నాను. ఏటా పెత్రమాసకు, పెద్దలకు పెట్టే అమావాస్యకు, నన్ను కన్న అవ్వే పోస్తూ వచ్చింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని, "వచ్చేసారి నువ్వే పొయ్యాలె బిడ్డా" అంది. ఆ మాట దాటేసి, ఇప్పసారా ఎట్లా కాస్తారో చూసొస్తానని సెలవుల్లో బయల్దేరాను.

కరీంనగర్లో ఆరింటి బస్సు ఎక్కితే జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరేసరికి పదకొండు దాటింది. అక్కడ బస్సు మారి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాను. కొత్త పైసలు వచ్చి ఏళ్లయినా హోటలాయన ఇంకా అణాల్లోనే చెప్పాడు. నిర్మల్ దాటాక కొండల ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగాం. ఇచ్చోడలో దిగేసరికి పొద్దు వాలింది. చార్జీలన్నీ కలిపి ఐదు రూపాయల లోపే. ముసాఫిరు బంగళాలో పడుకుని, తెల్లవారుతుండగా, సారా కాసే గూడేనికని చెప్పి మారుతి అనే ఆయన ఎడ్లబండి రెండు రూపాయలకు మాట్లాడుకున్నాను.

"ఆబ్కారోళ్లా అమ్మా మీరు?" అన్నాడు, సారా పట్టుకునే సర్కారు మనిషినేమోనన్న అనుమానంతో.

"కాదు. కాలేజీలో పాఠాలు చెప్తాను."

"మరి సారతోటి ఏం పని? పిలగాండ్లకు తాపుతరా?"

గోండుగూడెం చేరేసరికి ఆడవాళ్లు గంపలతో ఇప్పపూలు ఏరుతున్నారు. గాలంతా తీపి. మారుతి నన్ను తనకు తెలిసిన ముసలామె సోంబాయి ఇంటికి తీసుకెళ్లాడు. ఎండబెట్టి నానేసిన పూలు పులిశాక, కుండ మీద కుండ బోర్లించి, కింద సన్నటి మంట పెట్టి కాస్తుందామె. మోదుగాకు దొప్పలో కొంచెం పట్టి, ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలి, పెదవులు కదిపి, నా చేతికిచ్చింది.

ఫ్రాన్సులో నేర్చుకున్నట్టే వాసన చూశాను. నోట్లో తిప్పాను. ఉమ్మేశాను. అక్కడ రుచి చూసేవాళ్లు మింగరు, మింగితే పదో గ్లాసుకు నాలుక మొద్దుబారుతుంది. కాని నేను ఉమ్మింది సరిగ్గా ఆమె చుక్కలు వదిలిన చోట.

"ఆగమైపాయె! గది సచ్చిపోయిన వాళ్లాయన వంతు అమ్మా!" మారుతి నెత్తి కొట్టుకున్నాడు.

సోంబాయి చెంబుతో నీళ్లు తెచ్చి ఆ చోటును చేత్తో అలికింది. తప్పయిందన్నాను. "ఉమ్మితె నీకేం ఎరుకైతది బాయీ? మల్ల పోస్త. గీసారి మింగు" అంది. మళ్లీ నాలుగు చుక్కలు నేలకు, తర్వాత నాకు. మింగాను. గొంతు భగ్గుమంది. ఆ మంట వెనకాల పూల వాసన, పొగ వాసన.

జపాను నుంచి తెచ్చుకుని, సంచిలో పెట్టుకొచ్చిన సాకే సీసా తీసి ఆమెకు పోశాను. అందులోనూ మొదటి చుక్కలు మొగుడికే. తర్వాత చప్పరించి, "గంజికి పెండ్లి చేసినట్టున్నది" అంది. మారుతి పడీపడీ నవ్వాడు.

"మీ ఆయన బాగా తాగేవాడా?" అడిగాను.

"తాగుడే తాగుడు. నేను నొప్పులు వడుతుంటె గూడ తాగి పండుకున్నడు."

"మరి ఎందుకు పోస్తున్నావు?"

"తిట్టుకుంటనే పోస్త. పొయ్యకపోతె తిట్టెటందుకు మనిషేడి?"

బాపు సంగతి అప్పుడు చెప్పాను. ఆమె ఖాళీ అయిన సాకే సీసా కడిగి, సారా నింపి, ఆకు మడిచి మూతి బిగించి నా చేతిలో పెట్టింది. మా బాపు తాగింది కల్లు అన్నాను. "సచ్చినోడు గవన్ని అడుగుతడా?" అంది.

తిరుగు బస్సులో ఒకటి గుర్తొచ్చింది. జపానులో ఒక ముసలాయన భార్య సమాధి మీద సాకే పోస్తుంటే చూసి నా కళ్లు చెమర్చాయి. అదే పని మా అవ్వ చేస్తుంటే ఏటా మొహం తిప్పుకున్నాను. దూరపువాళ్ల ఆచారమైతే అందం, మనదైతే సిగ్గు అనుకున్నానేమో. కాకపోతే ఆ సమాధిలోని ముసలామె నన్నెప్పుడూ బస్టాండులో ఒంటరిగా వదలలేదు. ఆ తేడా కూడా నిజమే కదా.

మీరు వెళ్లేట్టయితే పూలు రాలే చైత్రంలో, ఎండెక్కకముందే గూడెం చేరండి. మొదటి చుక్క నేలకు చేరేదాకా ఆగండి, మింగలేమనుకుంటే దొప్ప అందుకోకండి. నా సంగతంటారా, సీసా వంటింటి గూట్లో ఉంది. అవ్వ దాన్ని చూసింది. పెత్రమాసకు ఇంకా అయిదు నెలలుంది. పోస్తానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.