ఏకాదశి నాడు కొట్టిన చెరకు

నా చిన్నప్పుడు, చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు బండ్లను వెనక్కి తిప్పారన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి చిన్నమ్మ కూతురు. నేను అరుగు మీద కూర్చుని భజన పాటల పుస్తకం చదువుకుంటున్నాను. తను పరుగున వచ్చి, ఆయాసపడుతూ, "మా బండ్లన్నీ మర్లొచ్చినయే! మా తారీఖు గాదంటున్నరట!" అంది. నేను పుస్తకం మూసేశాను. అవి ఎందుకు తిరిగొచ్చాయో ఆ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు.

బోధన్‌కు రెండు కోసుల దూరంలో, ఎటు చూసినా చెరకే కనబడే చిన్న ఊరు మాది. అప్పట్లో అక్కడ బడి లేదు. నాకు అక్షరాలు నేర్పింది మా తాతయ్య. పొద్దున పూజ కాగానే పలక ముందు కూర్చోబెట్టేవారు. భజన పాటలు, పంచాంగం, ఇవే నా వాచకాలు. ఇంట్లో ఆడపిల్లకు అంతమాత్రం చదువు చెప్పిన మనిషి మా వాడలో ఇంకొకరు లేరు. ఆ పుణ్యానికి నేను ఇప్పటికీ పొద్దున లేచి ఆయనకు దండం పెట్టుకుంటాను.

పక్కింటి చిన్నమ్మకు భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. ఎకరానికి తక్కువ చెరకు తోట, ఒక్క కూతురు, అంతే ఆమె సంసారం. ఆ పిల్లది నా వయసే, తొమ్మిదేళ్లు. ఒక్కోరోజు నా పక్కన పలక పట్టుకుని కూర్చునేది, నాకంటే తొందరగా పట్టేది. బోధన్ దవాఖానాలో తెల్లచీర కట్టుకున్న నర్సమ్మను ఒకసారి చూసి వచ్చిన దగ్గరి నుంచి, తాను కూడా నర్సమ్మ అవుతానని వాడంతా చెప్పుకుంటూ తిరిగేది. ఆ ఏటి చెరకు ఫ్యాక్టరీకి చేరితే కూతుర్ని నిజామాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో చేర్పించాలని చిన్నమ్మ నిశ్చయించుకుంది. రెండు జతల బట్టలు కుట్టించింది, రేకు పెట్టె కూడా తెచ్చింది.

చెరకు మన ఇష్టం వచ్చినప్పుడు కొట్టే పంట కాదు. ఏ రైతు ఏ రోజు కొట్టి తోలాలో ఫ్యాక్టరీ నుంచి చీటీ వచ్చేది. ఆ రోజు కాకుండా ముందే తోలుకుపోతే గేటు దాటనివ్వరు. కొట్టిన చెరకేమో రెండు రోజులు దాటితే రసం ఇంకి తేలికైపోతుంది, పులుస్తుంది. ఏడాది కష్టమంతా ఆ చిన్న కాగితంలోని తారీఖు మీద నిలబడి ఉండేది.

చిన్నమ్మ చీటీ వచ్చిన రోజున తాతయ్య ఊళ్లో లేరు. భీమ్‌గల్ వెళ్లి లింబాద్రి గుట్ట స్వామి దర్శనం చేసుకుని వస్తానని వెళ్లారు. చీటీలు పంచే ఆయన సైకిల్ దిగకుండానే, "పక్కింటామెకియ్యి, సదివిపిచ్చుకోమను" అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పొద్దు వాలేవేళ చిన్నమ్మ చేను నుంచి వచ్చింది.

"తాత లేకపాయె. నువ్వు సదువుతవా బిడ్డా?"

"ఎందుకు సదువ!" అన్నాను.

విప్పి చూస్తే అంతా ఇంగ్లీషు, తాతయ్య నాకు ఇంకా నేర్పనిది. ఒక్క అక్షరం నాకు తెలియదు. రాదు అనడానికి నోరు రాలేదు. ఆ వాడలో చదువొచ్చిన పిల్లను నేనొక్కదాన్నే అన్న గర్వం అడ్డొచ్చింది. తాతయ్య చదివేటప్పుడు ఎలా వేలు జరుపుతారో అలాగే వేలు జరిపాను, పెదవులు కదిలించాను. మధ్యలో ఒకచోట పదకొండు అంకె కనబడింది. అంకెలు నాకు వచ్చు. తారీఖులు మాత్రం రావు. మా ఇంట్లో రోజులన్నీ తిథులే. పదకొండంటే నాకు తెలిసింది ఏకాదశి ఒక్కటే.

"ఏకాదశి నాడు కొట్టాల్నట" అన్నాను.

"గంత రాసిండ్రు, గింతేనా?"

"మిగిలింది నీ పేరు, ఊరి పేరు, చిన్నమ్మా."

చిన్నమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "మా సరస్వతమ్మవే నువ్వు!" అని నవ్వింది. ఏకాదశి ఇంక మూడు రోజులే ఉంది. మంచి రోజున వచ్చింది, ఆ దేవుడే రాయించాడని మురిసిపోయింది. నా అబద్ధానికి దేవుడి రోజు తోడు కావడం వల్లనే ఆమె మళ్లీ ఇంకెవరినీ అడగలేదు. ఈ ముక్క తలచుకున్నప్పుడు నాకు పూజలో కూర్చోవడానికి కూడా ముఖం చెల్లదు.

ఏకాదశి నాడు తెల్లవారుతుండగానే మరాఠీ కోత కూలీలు తోటలో దిగారు. మధ్యాహ్నానికి తోట మోడైంది, బండ్లు కదిలాయి. సాయంత్రానికి తిరిగొచ్చాయి. చీటీలో ఉన్నది పదకొండో తారీఖు. దానికి ఇంకా ఎనిమిది రోజులుంది.

చిన్నమ్మ వాకిట్లో జనం పోగయ్యారు. ఆమె బావగారు అందరి ముందే మొదలుపెట్టాడు. "మొగదిక్కు లేని సేద్యం గిట్లనే ఉంటది. చీటీ ఎవలు సదివిండ్రు? ఆ పొల్లనా? రమ్మనుండ్రి దాన్ని!"

నేను మా గుమ్మం వెనకాల నిలబడి వింటున్నాను.  అప్పుడు చిన్నమ్మ గొంతు వినబడింది. "పొల్ల సక్కగనే సదివింది. నేనే తప్పు ఇన్న. నా చెవులు గింత పాడుగాను!"

ఆయన ఇంకా ఏవేవో అన్నాడు. ఆడదాని బుర్ర అన్నాడు, బర్రెను కాచుకోక చెరకెందుకన్నాడు. ఆమె తల వంచుకుని అన్నీ తన మీద వేసుకుంది. నేను ఒక్క అడుగు బయటికి వేసి, "చిన్నమ్మ తప్పు కాదు, నాకే చదవరాలేదు" అంటే సరిపోయేది. అనలేదు.

చెరకును కుప్పవేసి, పైన ఆకు కప్పి, పొద్దూమాపూ నీళ్లు చల్లమన్నారు. ఎనిమిది రోజులు నేను, ఆ పిల్ల బిందెలతో నీళ్లు మోశాం. నేను అంత కష్టపడుతున్నందుకు తను నన్ను మెచ్చుకుంది. "నా దోస్తువంటే నువ్వే" అంది. అయిదో రోజుకల్లా కుప్ప దగ్గర పులిసిన వాసన మొదలైంది. పదకొండో తారీఖున బండ్లు మళ్లీ కదిలాయి. సగానికి సగం పనికిరాదని గేటు దగ్గరే తీసి పడేశారు. మిగిలింది తూకానికి నిలబడలేదు.

హాస్టల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రేకు పెట్టెలో కందిపప్పు పోసుకున్నారు. ఆ వేసవి నుంచి ఆ పిల్ల తల్లితో పాటు పసుపు చేలలో కూలికి పోవడం మొదలుపెట్టింది.

బండ్లు వెళ్లిన మరునాడు చిన్నమ్మ నన్ను ఒక్కదాన్నే పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"రానిది రాదని ఎందుకనలే బిడ్డా? నేనేమన్న నవ్వుదునా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి అంది: "తప్పు నీదొక్కదానిదే గాదు. గింత పెద్దదాన్నయ్యి నా బతుకు తెచ్చి తొమ్మిదేండ్ల పొల్ల నోట్ల పెట్టిన. నాకు నాలుగు అక్షరాలొస్తే ఇట్లయ్యేదా? ఇగ నాకు నేర్పు. నీకు రానికాడ రాదని చెప్పు. ఇద్దరం పోయి ఒచ్చినోళ్లను అడుగుదాం."

ఆ సాయంత్రం నేను తాతయ్యకు అంతా చెప్పేశాను. ఆయన పంచాంగం తెరిచి చూసి మూసేశారు. తర్వాత, "తారీఖులు నీకు నేర్పకపోవుడు నా తప్పు" అన్నారు. మరునాడే నిజామాబాద్ వెళ్లి గోడ క్యాలెండర్ ఒకటి తెచ్చి అరుగు మీది గోడకు తగిలించారు. ఏ తిథి ఏ తారీఖున పడుతుందో రెండూ పక్కపక్కనే ఉండేవి అందులో. దాని ముందు చిన్నమ్మ, ఆమె కూతురు, నేను ముగ్గురం కూర్చుని నెలల పేర్లు నేర్చుకున్నాం. వాడలో ఎవరికి చీటీ వచ్చినా ఆ అరుగు మీదికే తెచ్చేవారు. చిన్నమ్మ నలుగురి ముందు విప్పి, వచ్చినంత చదివి, రానిచోట వేలు పెట్టి, "గిది నాకు రాదు, తాతను అడుగుండ్రి" అని గట్టిగా చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం కూడా చిన్నతనం ఉండేది కాదు. ఆ తర్వాత మా వాడలో ఒక్క బండి కూడా గేటు నుంచి తిరిగి రాలేదు. నలుగురికి చదువొస్తే నలుగురు సరిచూస్తారు. ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరి గర్వం కింద ఊరంతా నలుగుతుంది. నాకు ఇది పుస్తకంలో తెలియలేదు.

కానీ క్యాలెండర్ చూడటం వస్తే నర్సమ్మ కారు కదా. కూలి పనుల్లో పడి ఆ పిల్ల నేర్చిన నాలుగు అక్షరాలూ మరిచిపోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మా ఊరి ఆడవాళ్లు కాన్పుకు ఎడ్ల బండి మీద బోధన్ దాకా పోతూనే ఉన్నారు. దారిలో పోయినవాళ్లూ ఉన్నారు. అలాంటి కబురు విన్న ప్రతిసారీ, మా ఊరికి రావలసిన నర్సమ్మను నేనే రానివ్వలేదని అనిపించేది.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో ఉంటున్నాను. తను ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. చిన్నమ్మ వెళ్లిపోయి చాలా కాలమైంది. కిందటేడు పండగకు వెళ్లినప్పుడు ధైర్యం చేసి తనతో చెప్పాను, ఆ చీటీ నేను చదవలేదని, చదివినట్టు నటించానని. తను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"గిది నాకు ఎన్నడో ఎరుకే. అమ్మ పోయే ముందు చెప్పిపోయింది."

"మరి నన్నెందుకు అడగలేదే?"

"అడిగితే నువ్వు సిగ్గుపడి మా ఇంటికి రాకపోదువు."

 తను చిక్కుళ్ల గిన్నె నా వైపు జరిపి, "కూసొని ఒలువరాదు" అంది. ఒలిచాను.

ఇది రాసుకుంటానంటే ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది. రాయడం అయ్యాక తీసుకుని వెళ్తాను. తను చదువుకోలేదు కాబట్టి నేనే చదివి వినిపించాలి. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఇంత దయగల మనుషుల పక్కింట్లో పుట్టించినందుకు దేవుడికి నమస్కరించుకుంటాను, కానీ నా సిగ్గు అంతటితో తీరదు. చదువుకున్న మీకు నాదొక మనవి. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. మీ దగ్గరికి ఎవరైనా కాగితం తెచ్చి చదివి పెట్టమన్నప్పుడు, నర్సమ్మ కావలసిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.