వియన్నా అక్క ఎక్కని జెయింట్ వీల్

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, గంగామణి వాళ్ళ గదిలో, శుక్రవారం మధ్యాహ్నం చేరే ఆడవాళ్ళకు అంకాలమ్మ అసలు పేరు దాదాపు గుర్తులేదు. అందరికీ ఆవిడ వియన్నా అక్క. మొదటి గ్లాసు టీ ఆవిడకే. రాయచోటి పక్క పల్లెలో పుట్టి, పదకొండేళ్ళుగా దోహా శివారు లుసైల్‌లో ఒక ఖతారీ ఇంట పిల్లల్ని సాకుతున్న మనిషికి ఆస్ట్రియా రాజధాని ఇంటిపేరు కావడానికి కారణం ఎండలు. కొన్నేళ్ళుగా జూలై రాగానే ఆ ఇల్లంతా మూటాముల్లె సర్దుకుని వియన్నాకు చెక్కేస్తుంది. పిల్లలు వెళ్ళే చోటికి అంకాలమ్మ వెళ్ళాల్సిందే.

నాలుగు వేసవులు వెళ్ళొచ్చింది కాబట్టి అక్కడ ఏమేం చూడాలో ఆమెనే అడగాలి. ఏ గైడూ చెప్పని సంగతులు చెబుతుంది.

"షోన్‌బ్రున్ అని రాజుల పసుప్పచ్చ బంగళా ఉంటాది. ముందర అంతా కంకర, చంటోళ్ళ బండి కదలదు. చెట్ల కింద దారిన పోవాల. స్టీఫెన్ చర్చి కప్పు మీద రంగు పెంకులు ముగ్గేసినట్టు ఉంటాయి, ఎంతసేపు చూసినా తనివి తీరదు. గుర్రబ్బండ్లు నిలబడే పక్క మాత్రం పోవద్దండి, కంపు. యాడికి పోయినా ముందు బాత్రూం యాడుందో చూసుకోవాల, ఆ తర్వాతే రాజులూ రాణులూ."

ఇవన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటే ఉంది.

ప్రాటర్ పార్కులో పాతకాలపు జెయింట్ వీల్ ఒకటుంది. రైలు పెట్టెల్లాంటి ఎర్ర పెట్టెలు, ఒక్కోదాంట్లో ఒక కుటుంబం పడుతుంది. మొదటి ఏడు తిరిగొచ్చాక గంగామణి అడిగింది: "పైకి ఎక్కినవా అక్కా?" అంకాలమ్మ నోరు జారింది: "ఎక్కకుండా ఎట్లొస్తా?" ఇక ఆ అబద్ధం ఏడాదికింత ఒళ్ళు చేసింది. రెండో ఏడు అందులోకి నది వచ్చింది, మూడో ఏడు కొండలు వచ్చాయి. నిజానికి అవన్నీ పిల్లలు దిగొచ్చి చెప్పినవి. ఆ ఇంట్లో బండిలో నిద్రపోయే పసిబిడ్డ ఏటా ఒకరుంటారు. బిడ్డ దగ్గరా, సంచుల దగ్గరా ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఒకరు ఎవరో ఎవరూ అడగలేదు.

ఈ ఏడు మేడమ్ గారి అక్క కుటుంబం కూడా బయల్దేరింది. వాళ్ళింట్లో పనిచేసే జగిత్యాల షబానా కూడా వెంట వెళ్తోంది. శుక్రవారాల్లో అంకాలమ్మ మాటలు నోరు తెరుచుకుని వినేది ఆ పిల్లే.

"ఇద్దరం కలిసి ఎక్కుదాం అక్కా. నువ్వు చూపిచ్చుకుంట చెప్పాలె," అంది.

అంకాలమ్మకు భయం పట్టుకుంది. తనదంటూ ఆమెకు ఖతార్‌లో ఉన్నది ఆ పేరొక్కటే. అది కాస్తా పోతే గంగామణి గదికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

ప్రాటర్ రోజు రానే వచ్చింది. మేడమ్ ఎప్పటిలాగే సంచులు బండికి తగిలించి, ఇక్కడే ఉండమని చెయ్యి చూపించింది. షబానాను మాత్రం మేడమ్ అక్కగారి కూతురు చెయ్యి పట్టుకుని పెట్టెలోకి లాక్కెళ్ళింది.

"అక్కా, నువ్వు?" అని షబానా వెనక్కి తిరిగింది. అంకాలమ్మ వంగి బండి చక్రాన్ని పరీక్షించసాగింది. తలుపు పడింది.

అబద్ధమాడినందుకు ఆమె సిగ్గుపడింది, పడాల్సిందే. నాలుగేళ్ళు ఒక మనిషిని కింద నిలబెట్టి ఒక్కసారైనా "నువ్వూ రా" అనని వాళ్ళు మాత్రం పైన హాయిగా ఫొటోలు దిగుతున్నారు.

షబానా దిగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం సూడలే అక్కా. పైకి లేవంగనే కండ్లు మూసుకున్న, దిగెదాక తెరువలే." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగింది: "నువ్వెన్నడు ఎక్కలేదు గదా?"

"ఎక్కలే."

"నేనెవ్వరికి చెప్ప. నా కండ్ల సంగతి నువ్వు చెప్పకు."

ఒప్పందం కుదిరింది. ఆగస్టు చివర్న దోహా చేరాక, మొదటి శుక్రవారమే అందరూ షబానా చుట్టూ మూగారు. ఆమె అంకాలమ్మ వైపు చూసి, "అక్క చెప్పినట్టే ఉన్నది," అంది. అంకాలమ్మ ఊరుకుంటే సరిపోయేది. పేరు పదిలంగానే ఉంది. కానీ టీ పోస్తున్న గంగామణి మురిసిపోతూ, "వచ్చే ఏడు మా మేడమ్ గూడ నన్ను తీస్కపోతదట. నేను గూడ అక్క లెక్క పైకెక్కుత," అంది.

ఆ ఆశ చూసి అంకాలమ్మ తట్టుకోలేకపోయింది.

"నేను ఎక్కలే గంగామణీ. ఐదేండ్లూ కింద సంచులు పట్టుకోని నిలబడినా. పైకి పోయింది షబానా, కండ్లు మూసుకునింది. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి చూసినట్టు."

షబానా తల దించుకుని నవ్వాపుకుంది. తక్కినవాళ్ళెవరూ నవ్వలేదు.

"అయితే ఇగ నిన్ను వియన్నా అక్క అనొద్దా?" అంది గంగామణి మెల్లగా.

"మీ ఇష్టం. ఆ రాట్నానికి పెట్టెలు పదిహేను. లోపల కూర్చున్నోళ్ళకు ఆ లెక్క తెలీదు, కింద నిలబడినోళ్ళకే తెలుస్తాది."

గంగామణి లేచింది. మొదటి గ్లాసు టీ తెచ్చి వియన్నా అక్క చేతికిచ్చింది.