సుగుణ నాతో చెప్పింది

ఐదేళ్ళుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. ముందే ఎందుకు రాయలేదంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై దాటాక, పోయినేడు నేర్చుకున్నాను. నేర్పింది మా తోడికోడలు సుగుణ. నేను పాడు చేసింది ఆమె బతుకునే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కరోనా వచ్చినప్పుడు సుగుణ మస్కట్‌లో ఒకరింట్లో పనిచేసేది. విమానాలు ఆగిపోయాయి. ఆ ఇంటివాళ్ళు గడప దాటనిచ్చేవారు కాదు. నాకు చదవడం రాదని వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపేది. నిద్ర పట్టడం లేదని, చచ్చిపోవాలనిపిస్తోందని, ఎవరికీ చెప్పొద్దని.

నేనేం చేశాను? పామర్రులో మా అరుగు మీద ఆడవాళ్ళు చేరితే ఆ ఏడుపు పెద్దగా పెట్టి వినిపించాను. ముక్కు ఎగబీలుస్తూ ఆమెలా చేసి చూపించాను. ఏసీ ఇంట్లో ఉండి చావాలనిపిస్తోందంట పాపం అంటే అందరూ విరగబడి నవ్వారు. లాక్‌డౌన్‌లో పొద్దుపోక చేశానా? కాదు. ఆమె సంపాదనతో మరిది మాకంటే ముందు డాబా వేశాడు. ఆమె ఏడుస్తుంటే నా కడుపు చల్లబడేది.

ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“అక్కా, భయమేస్తంది. నన్ను నేనేమన్నా చేసుకుంటానేమో.”

“చచ్చేవాళ్ళు చెప్పి చావరు లేవే. పోయి అంట్లు తోముకో.”

“సరే అక్కా.”

ఆ వారంలోనే ఆస్పత్రిలో ఉందని కబురొచ్చింది. అక్కడి డాక్టర్లు బతికించారు. నీతో ఏమన్నా చెప్పిందా వదినా అని మరిది అడిగాడు. చెప్పిందంటే, విని ఊరుకున్నావా అంటాడు. ఏమీ చెప్పలేదన్నాను. నా ఫోన్‌లో ఉన్నవన్నీ తుడిపించేశాను. ఆమె ఫోన్ ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అరుగు మీద నవ్వినవాళ్ళు తమ పేర్లు బయటికొస్తాయని ఏమీ ఎరగనట్టే ఉండిపోయారు. అక్కడేదో తప్పుడు పని చేసుంటుందని మా అత్త అంటే తలూపాను. సుగుణ గన్నవరంలో విమానం దిగిన రోజు మరిది వెళ్ళలేదు. తర్వాత వేరే పెళ్ళి చేసుకున్నాడు.

ఉండే చోటు లేక నా పంచకే చేరింది. నీకు చెప్పాను కదక్కా అంది. ఎప్పుడే, కలగన్నావేమో అన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే అన్నాను. చివరికి నమ్మింది. విజయవాడలో డాక్టరు దగ్గర, జరగనివి జరిగినట్టు అనిపిస్తాయండీ అని తనే చెప్పుకుంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. అంతకన్నా పెద్ద పాపం ఏముంటుంది? చంపడమా? అది కూడా ఇంతకన్నా చిన్నదేమో.

ఇక్కడిదాకా నిన్న రాశాను.

ఇవాళ పొద్దున సుగుణ గోంగూర వలుస్తుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. అడ్డురాకుండా విన్నది. అయితే నేను చెప్పానన్నమాట అంది, నాతో కాదు, తనలో తనే. చెప్పావు అన్నాను. ఇంకో గోంగూర కట్ట విప్పుతూ ఎవరెవరు నవ్వారని అడిగింది. ఒక్కొక్కరి పేరూ చెప్పాను. మొదట నా పేరు.