బావ డ్రమ్ముకు కట్టిన మైకు

మొన్న ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కింద ఒక పెళ్లి బరాత్ అడ్డం వచ్చి మా షేర్ ఆటో ఆగిపోయింది. డీజే బండి మోతకు గుండె అదురుతోంది, పైన ఎండ, ఈ వయసులో ఎవరిమీదా విసుక్కునే ఓపిక కూడా మిగలలేదు కనుక కళ్లు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు వినిపించింది, తీన్‌మార్ దెబ్బ పడ్డ ప్రతిసారీ దాని వెనకే సన్నగా కిణ్‌మని ఒక ఇత్తడి చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. దాన్ని రికార్డు చేసింది నేనే.

క్యాసెట్లు మిరపకాయ బజ్జీల్లా అమ్ముడుపోయిన రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. నాచారంలో లేతు మిషన్ల షెడ్ల మధ్య ఒక షెడ్డుకు గోడల నిండా గోనెసంచులు, కోడిగుడ్ల అట్టలు కొట్టి స్టూడియో అని పేరు పెట్టారు, అందులో నేను రికార్డిస్టును. మా అక్క మొగుడు, అంటే మా బావ, రామంతాపూర్‌లో పెళ్లి బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించేవాడు. ఒక జానపదాల క్యాసెట్టుకు ఆయన్ని నేనే పిలిపించాను. పెళ్లిళ్లు లేని మూఢం రోజుల్లో ఇల్లు గడవాలంటే స్టూడియో పనైనా దొరకాలని ఆయన ఆశ. తీరా పొద్దున్నుంచీ వాయిస్తున్నా ఆ డ్రమ్ము తడిసిన అట్టపెట్టెలా మోగుతుంటే, మధ్యాహ్నం దాకా చూసి వేరే మనిషిని పిలిపిస్తానన్నాడు స్టూడియో పెట్టిన మా సేటు.

ముందు మా దగ్గరున్న ఖరీదైన పెద్ద మైకు పెట్టాను. దానికి చెవులు మరీ ఎక్కువ, పక్క షెడ్డులో లేతు తిరిగేదీ, రోడ్డు మీద లారీ హారనూ అన్నీ వినేది. దాన్ని తీసి, సభల్లో నాయకుల చేతుల్లో నలిగి జాలీ సొట్టపడిన చిన్న మైకు తెచ్చాను, ఎదురుగా ఉన్నది తప్ప దానికి ఇంకేదీ పట్టదు. డ్రమ్ము అంచు మీద మూడు వేళ్ల ఎత్తున, మూతి తోలు నడిమికి చూసేలా వంచాను. కింద తీగలున్న వైపు ఇంకో మైకు పెట్టాను, సర్రుమనే ఆ గరగర కోసం. ఎంత జరిపినా దెబ్బలో ప్రాణం లేదు. చివరికి బావే దస్తీతో చెమట తుడుచుకుంటూ అన్నాడు.

“కూసొని కొడితే నా చెయ్యి లేస్తలేదు బామ్మర్ది. గిది నడుసుకుంట కొట్టే సామాను.”

బ్యాండువాళ్లు డ్రమ్మును భుజానికి తగిలించుకుని, తొడ మీద వాలుగా ఆనించి, అడుగుతో పాటు దెబ్బ వేస్తారు. మేమేమో స్టాండు మీద పెట్టి కుర్చీ వేశాం. సరేనని పట్టా భుజానికి వేయించి, కాళ్లకు అడ్డమని కింది మైకు తీసేసి, ఆయన దస్తీనే మెత్తగా మడతపెట్టి చిన్న మైకును డ్రమ్ము అంచుకు కట్టి, ఉన్నచోటే నడవమన్నాను. దెబ్బ పడింది, ఈసారి అందులో ప్రాణం ఉంది. కాకపోతే పట్టాకున్న ఇత్తడి కొక్కెం దెబ్బదెబ్బకూ కిణ్‌మంటోంది. సేటు గుడ్డ చుట్టించాడు. చుట్టగానే బావ అడుగు తప్పింది, ఆ చప్పుడు మీదే ఆయన నడక నిలుస్తుందట. గుడ్డ తీసేశాం. ఆ తర్వాత కొన్నేళ్లు మూఢాల్లోనూ అక్క ఇంట్లో పొయ్యి వెలిగింది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఎవరో ఆ క్యాసెట్టులోంచి బావ దెబ్బ కాస్త కత్తిరించి, అదే మళ్లీ మళ్లీ మోగేలా చేసుకున్నారు. డీజే బండ్లొచ్చి బ్యాండు చెదిరిపోయింది. బావ ఇప్పుడు చెంగిచెర్లలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. బరాత్ అడ్డొచ్చిన ఆ సాయంత్రమే వెళ్లి, డీజే బండి అని మొదలుపెట్టి, విన్నది చెప్పాలా వద్దా అని నసుగుతుంటే ఆయనే అందుకున్నాడు.

“నాకెరికే. మా గేటు ముంగటికెల్లి గూడ పోతది. కొక్కెం ఇనవడంగనే కాళ్లు లేస్తయి బామ్మర్ది, చెయ్యే ఖాళీగుంటది.”

ఇప్పుడు మైకు ఎక్కడ పెట్టాలని ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, దెబ్బ కావాలంటే మనిషిని పిలవనక్కర్లేదు. నాకూ అలసటగానే ఉంది, ఎవరిని అనుకుని ఏం లాభం. నడిస్తే తప్ప దెబ్బ వేయలేని మనిషిని చివరికి గేటు దగ్గర కుర్చీలోనే కూర్చోబెట్టాం.